గోడ మీద ఎక్కువైన వరస

నూలుతాడుకి నీలం సుద్ద పట్టించి, రెండు కొసలూ రెండు మేకులకు బిగించి, మధ్యలో వేళ్లతో లాగి వదిలింది. గోడ మీద సన్నటి నీలపు గీత పడింది. ఇరవై ఒకటో గీత అది. ఇంజినీరు ఇచ్చిన కాగితంలో ఉన్నవి ఇరవై ఒక్క వరసలే. ఆమె మేకులు ఊడదీసి, చిల్లుల్లో బొటనవేలితో సున్నం మెత్తింది.

అది ఒకప్పుడు రైలు కోసం జనం కూర్చున్న హాలు. రైలు రావడం మానేశాక పదేళ్లు అందులో బస్తాలు దాచారు. ఇప్పుడు దాన్ని చదువుకునే గది చేస్తున్నారు. టికెట్లు ఇచ్చిన కిటికీలోంచి ఇక టీలు ఇస్తారట. లాంతర్లు తుడిచే గది మరుగుదొడ్డి అయింది. సామాను తూచే పెద్ద త్రాసుకి నల్లరంగు కొట్టి, హాలు మధ్యలో నిలబెట్టి, ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టారు. ఇంకో అయిదు రోజుల్లో ప్రారంభం. లోపలికి రాగానే ఎదురుగా కనిపించే గోడ మీద ఆ కట్టడం చరిత్రంతా చేత్తో రాయించాలన్నది ఇంజినీరు ముచ్చట. కంప్యూటరు అక్షరాలు పాత గోడకి అతకవని ఆయన అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెకి ఈ పని దొరికింది. బోర్డులు రాసే నాన్న చేతికింద కాకుండా ఆమె ఒక్కతే పట్టుకున్న మొదటి గోడ ఇది.

"బోర్డులమ్మాయీ, నీ గుండ్రాలు చూస్తుంటే ఆకలేస్తోంది," అన్నాడు గచ్చు అరగదీస్తున్న మేస్త్రీ. "ఒక్కోటీ పెనం మీదనుంచి తీసినట్టుంది."

"తినేయండి బాబాయ్. నాకు పని తప్పుతుంది," అంది ఆమె నిచ్చెన మీదనుంచి.

మేస్త్రీ అన్నది నిజమే. ఆమె రాసే పద్ధతి నాన్నది. ముందు వరస పొడవునా పెన్సిలుతో అక్షరాల గుండ్రాలే వేసుకుంటూ పోవాలి. గోడంతా అయ్యాక మళ్లీ పైనుంచి మొదలుపెట్టి రంగు దిద్దుతూ తలకట్లూ గుడులూ, చివరికి ఒత్తులు. తలకట్టు పడేదాకా అది అక్షరం కాదు, ఒట్టి వంపు. అలా రాస్తే చెయ్యి మొదటినుంచి చివరిదాకా ఒక్కలాగే నడుస్తుంది. రాస్తూ చదవకూడదని నాన్న వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. చదివితే బుర్ర ముందుకు ఉరుకుతుంది, చెయ్యి వెనకపడుతుంది, నడుమ ఒక అక్షరం జారిపోతుంది. అందుకే ఆ గోడ మీద ఏముందో ఆమెకి తెలియదు. కాగితంలో వంపు చూసి గోడ మీద వంపు తిప్పుతోంది, అంతే.

గుమ్మానికి అవతల, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల ఉంది. పనివాళ్లకంటే ముందే ఒక ముసలాయన వచ్చి దాని మీద కూర్చుంటాడు. కావలాయన ఆయన్ని నిద్ర తాత అంటాడు. గేటు తీస్తూ రోజూ ఒకటే హాస్యం.

"ఏం నిద్ర తాతా, బండి వెళ్లిపోయిందా, ఇంకా ఉందా?"

"వెళ్లిపోయింది నాయనా," అంటాడు ముసలాయన. రోజూ అదే జవాబు, అదే గొంతు.

బల్ల మీద కునుకు తీస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంది ఆమె మొదట్లో. కానీ పని మొదలుపెట్టిన వారం రోజుల్లో ఒక్కసారి కూడా ఆయన కళ్లు మూతపడటం చూడలేదు. రైళ్లు నడిచినప్పుడు ఆయన ఇక్కడ పాయింట్స్‌మన్ అని మేస్త్రీ చెప్పాడు. వచ్చే రైలు ఏ లైనులోకి పోవాలో చూసి, లివరు లాగి పట్టాలు కలిపే మనిషి. ఆ లివర్లు ప్లాట్‌ఫారం చివర అద్దాల గదిలో ఇంకా ఉన్నాయి. పిల్లల వేళ్లు నలగకుండా వాటిని కదలనివ్వకుండా అతికించి, కొత్త రంగులు వేశారు.

"నాలుగోది నల్లది తల్లీ," అన్నాడాయన, ఆమె కుంచె కడుక్కోవడానికి బయటికి వచ్చినప్పుడు. "ఎర్రవి సిగ్నళ్లవి. నల్లవి పట్టాలవి. దానికి ఎర్రరంగు కొట్టేశారు."

"చెప్పలేదా తాతా?"

"చెప్పాను. ఎర్రవి రెండు పక్కపక్కనుంటే ఫొటోలో బాగుంటుందన్నారు."

ఆమె కుంచెని కిరసనాయిల్లో ముంచి, గుడ్డతో పిండి, వెంట్రుకలు సరిచేసింది. ఆయన ఆ పని పూర్తయ్యేదాకా కళ్లార్పకుండా చూశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి పద్నాలుగు వరసలకి తలకట్లూ ఒత్తులూ పడ్డాయి. మేస్త్రీ మనుషులు అన్నాలకి వెళ్లారు. ముసలాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, దుమ్ము నిండిన గచ్చు మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ లోపలికి వచ్చాడు.

"ఇప్పుడు చదవడానికి వస్తుందా?"

"వస్తుంది తాతా, ఇక్కడిదాకా."

"అయితే చదువు. నాకు అక్షరం ముక్క రాదు."

ఆమె నిచ్చెన దిగి, రాసేటప్పుడు చెయ్యి ఆనించుకునే కర్ర తీసుకుని, మొదటి వరస మీద పెట్టి చదవడం మొదలుపెట్టింది. తను రాసిందాన్ని తనూ అప్పుడే మొదటిసారి చదువుతోంది. రాయి ఎక్కణ్నించి తెచ్చారో, సున్నం ఎన్నాళ్లు నానబెట్టారో, మొదటి బండి వచ్చినరోజు ఎంతమంది జనం వచ్చారో. ముసలాయన తల ఊపుతూ విన్నాడు. పెద్దవాళ్లకొక గదీ, మామూలు జనానికి ఈ హాలూ అన్నచోట, "ఆ గదిలో పంకా ఉండేది, ఇక్కడ లేదు," అన్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక ఉదయం," అని చదివి ఆమె ఆగింది. కళ్లు ముందుకు ఉరికాయి. నాలుక అక్కడే నిలిచిపోయింది. కర్ర మాత్రం ఆగకుండా కదులుతోంది. "ఒక ఉదయం ఇక్కడ... రైలు వచ్చి ఆగి ఉన్న పెట్టెలను ఢీకొంది. ఒకరు మరణించారు."

కర్ర పద్నాలుగో వరస చివరికి చేరింది.

"అంతేనా?"

"అంతే తాతా."

ఆయన గోడవంక కాసేపు చూశాడు. "బాగుంది," అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

ఆయన బల్ల చేరేదాకా ఉండి, ఆమె ఆ చివరి నాలుగు వరసలూ మళ్లీ చదివింది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక ఉదయం, విధుల్లో ఉన్న పాయింట్స్‌మన్ నిద్రమత్తులో లివరు తప్పుగా లాగడంతో, రైలు వచ్చి ఆగి ఉన్న పెట్టెలను ఢీకొంది. ఒకరు మరణించారు. తాను నిద్రపోయినట్టు పాయింట్స్‌మన్ స్వయంగా ఒప్పుకొని వేలిముద్ర వేశాడు. స్టేషన్ మాస్టరు సమయస్ఫూర్తి వల్ల మరింత ప్రాణనష్టం తప్పింది.

గుండ్రాలు ఒక్కటీ వంకర పోలేదు. రంగు ఎక్కడా చారలు కట్టలేదు. అంత బాగా ఆమె ఇదివరకెప్పుడూ రాయలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నాన్న అరుగు మీద కూర్చుని పాత కుంచెల వెంట్రుకలు తడిమి చూస్తున్నాడు. ఆయనకి మనుషులు నీడల్లా కనిపించడం మొదలై రెండేళ్లయింది. కుంచె బాగుందో పోయిందో మాత్రం వేళ్లతోనే చెప్పేస్తాడు.

"ఎంతదాకా వచ్చింది?"

"పద్నాలుగు పూర్తయ్యాయి. తక్కినవి ఇంకా పెన్సిల్లోనే ఉన్నాయి." ఆమె పక్కన కూర్చుంది. "నాన్నా, రాయమన్నదాంట్లో తప్పుంటే ఏం చేసేవాడివి?"

"అక్షరదోషమా?"

"కాదు."

నాన్న కుంచె పక్కన పెట్టాడు. "ఒకసారి ఓ డాక్టరుకి బోర్డు రాశాను. పేరు వెనక చదువు పెట్టమన్నాడు. ఆ చదువు అతను చదవలేదని ఊరందరికీ తెలుసు. రాశాను. మాట వాళ్లది, చెయ్యి మనది అనుకున్నాను."

"తరవాత?"

"తరవాతేముంది. ఆ బోర్డు కింద కూర్చుని జబ్బు మనుషులు వరసగా ఎదురుచూసేవాళ్లు. నేను ఆ వీధిన పోవడం మానేశాను." ఆమె ఉన్నవైపు మొహం తిప్పాడు. "నువ్వు చదివావన్నమాట."

ఆమె కింద పెట్టిన కుంచె తీసి తక్కినవాటితో కలిపి కట్టింది.

మూడోరోజు ముసలాయన బల్ల మీద కూర్చోలేదు. తిన్నగా హాల్లోకి వచ్చి ఆమె నిచ్చెన కింద నిలబడ్డాడు.

"ఒకసారి దిగుతావా తల్లీ."

ఆమె దిగింది.

"నిన్న నువ్వు చదువుతుంటే నీ కర్రనే చూశాను. పైన వరసల్లో కర్రా మాటా కలిసి నడిచాయి. ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి మాట ముందే అయిపోయింది. కర్ర ఇంకా చాలాదూరం పోయింది." ఆయన వేలు పదకొండో వరస దగ్గర గాలిలో ఆగింది, గోడని తాకలేదు. "బండి పొడుగెంతో, అది దాటడానికి ఎంతసేపు పడుతుందో చూసుకుంటూ బతికినవాణ్ని. నాకు చదవడం రాదుగానీ పొడుగు తెలుస్తుంది."

ఆమె కర్ర రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. గచ్చు అరగదీసే చప్పుడు ఆగింది. మేస్త్రీ అటు తిరిగి నీళ్ల బాల్చీతో ఏదో పని కల్పించుకున్నాడు.

"మీకు బాధని..." అంది.

"అప్పుడూ ఇలాగే చదివారు," అన్నాడాయన. కోపంగా అనలేదు. "బండి గుద్దిన రెండోరోజు పొద్దున స్టేషన్ మాస్టారు గారు కాగితం పట్టుకొచ్చారు. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పక్కగదిలో, ఆ పంకా కింద. కాగితం నిండా రాత. ఆయన చదివింది నాలుగు ముక్కలు. ఫలానా రోజు, ఫలానా బండి, పెట్టెలకి తగిలింది, నేను డ్యూటీలో ఉన్నాను. అంతే. అంత రాతకి ఇంతే మాటా అని అప్పుడే అనిపించింది. అడగలేదు. టీ ఇచ్చినాయన్ని ఏమని అడుగుతాం. వేలు పెట్టాను." ఊపిరి పీల్చుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఉన్నదున్నట్టు చదువు."

ఆమె చదివింది. ఈసారి కర్ర ఎత్తలేదు. గొంతు ఎక్కడా పెంచలేదు, తగ్గించలేదు. 'నిద్రమత్తులో' అన్న మాట దగ్గర ఆయన మొహంలో మార్పేమీ రాలేదు. ఆ మాట గేటు దగ్గర రోజూ వినేదే. 'స్వయంగా ఒప్పుకొని' అన్నచోట తల ఎత్తాడు.

"ఎవరు ఒప్పుకున్నారట?"

"పాయింట్స్‌మన్."

"ఎక్కడ?"

"కాగితం మీద. వేలిముద్ర వేశాడని ఉంది తాతా."

ఆయన త్రాసు చుట్టూ కట్టిన తాడు పట్టుకున్నాడు. తాడు సాగి కిందికి జారింది. మేస్త్రీ వచ్చి తిరగేసిన బాల్చీ వేస్తే దాని మీద కూర్చున్నాడు.

"బండిని రెండో లైన్లోకి తియ్యమన్నది మాస్టారే," అన్నాడు. "అక్కడ పెట్టెలున్నాయండీ అన్నాను. తెల్లారకముందే తీసేశారు, నువ్వు లాగు అన్నాడు. లాగాను. పెట్టెలు తీయలేదు. విచారణ చేసినవాళ్లు నేను పడుకున్నానని తేల్చారని ఆయనే వచ్చి చెప్పాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకోసం ఎంతో ప్రాధేయపడ్డానన్నాడు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఉద్యోగం పోయాక కూడా ఆయనకి మా పెరట్లో కాసినవి పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ని. ఆయన పోతే మోసినవాళ్లలో నేనొకణ్ని. మా ఆవిడ మాత్రం నువ్వు పడుకున్నావా, నిజం చెప్పు అని పోయేదాకా అడుగుతూనే ఉంది. నేను పడుకోలేదే అంటే, మరి అంత పెద్దమనిషి నీవైపున్నా ఎందుకు ఓడిపోయావు అనేది."

ఆయన లేచి వెళ్లిపోయాడు. చెప్పులు గుమ్మం దగ్గరే మరిచిపోయాడు. మేస్త్రీ వాటిని తీసుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా వెనకాలే పరిగెత్తాడు.

నాలుగోరోజు పొద్దున బల్ల ఖాళీగా ఉంది. గేటు తీస్తూ కావలాయన అటు చూసి, హాస్యమాడటానికి మనిషి లేక, తాళాలు ఊపుకుంటూ పోయాడు. ఇంజినీరు వచ్చేదాకా ఆమె కుంచె ముట్టుకోలేదు. వచ్చాక, మెట్ల దగ్గర నిలబడి విషయం చెప్పింది.

"అది ఫైల్లో ఉన్న మాటమ్మా. మనం కల్పించింది కాదు," అన్నాడాయన ఫోను చూసుకుంటూ.

"ఆయనకి చదవడం రాదండీ. అందులో ఏముందో ఆయనకి తెలియదు."

"చదవడం రాకపోతే ఏం, వేలుందిగా." నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు మార్చాడు. "చూడు, ఆ మాస్టారి కొడుకు ఎల్లుండి వేదిక మీద ఉంటాడు. ఈ పనికి ఆయనే ముందునుంచీ తిరిగాడు. నువ్వు రాసేదానివి, రాయి. బాగా రాస్తున్నావు. ముందు ముందు ఇంకా చాలా గోడలున్నాయి మనకి."

ఆమె లోపలికి వచ్చి నిచ్చెన ఎక్కింది. పదిహేనో వరస గుండ్రాలు పెన్సిల్లో ఉన్నాయి. రంగు కలిపింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది. డబ్బా అంచున రంగు పొర కట్టింది.

మధ్యాహ్నం దాటాక ముసలాయన వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"తల్లీ, ఇక్కడ ఇంకో వరస పడుతుందా?" పద్నాలుగో వరస కింద చూపించాడు.

ఆమె చూసింది. "కింది ఏడూ పెన్సిల్లోనే ఉన్నాయి. చెరిపి ఒక వరస కిందికి దింపితే పడుతుంది." గోడవంకే చూస్తూ అడిగింది. "ఆయన నిద్రపోలేదు అని రాయనా తాతా?"

"వద్దు. నిద్రపోలేదంటే ఎవరు నమ్ముతారు. నేనూ మాస్టారూ తప్ప అక్కడ ఇంకెవరూ లేరు. ఆయన లేడు. అది రాస్తే గోడ మీద నేనూ ఆయనా పోట్లాడుకున్నట్టుంటుంది." ఆయన ముందే అనుకుని వచ్చినట్టు మెల్లగా చెప్పాడు. "అందులో ఏముందో అతడికి చదివి వినిపించలేదు. అది రాయి. దానికి నేనే సాక్షిని."

"ఇంజినీరు చూస్తే చెరిపించేస్తాడు."

"చెరిపిస్తే చెరిపించనీ. నీ పనికి దెబ్బ అనుకుంటే మాత్రం వద్దులే. నేను అడగలేదనే అనుకో."

ఆమె గుడ్డ తడిపి పదిహేనో వరస పెన్సిలు గీతలు తుడిచింది. తరవాత పదహారోది. ఏడూ చెరిగేసరికి మోచేతి దాకా బూడిదరంగు నీళ్లు కారాయి. కింద కొత్తగా మేకులు కొట్టి, నూలుతాడు బిగించి, మళ్లీ గీత వేసింది. మేస్త్రీ అంతా చూస్తూనే ఉన్నాడు. ఆమె నిచ్చెన జరపబోతే లేచి వచ్చి అటు కాలు పట్టుకున్నాడు.

"నాకూ చదవడం సరిగా రాదమ్మాయ్," అన్నాడు. "నేను ఏమీ చూళ్లేదు."

ఆ వరసని ఆమె నాన్న పద్ధతిలో రాయలేదు. ముందు గుండ్రాలు, తరవాత తలకట్లు అనుకోలేదు. ఒక్కో అక్షరానికీ తలకట్టూ గుడీ ఒత్తూ అప్పటికప్పుడే పెట్టి, మాట పూర్తయ్యాకే తరవాతి మాటకి వెళ్లింది. ప్రతి మాటా పెదాలు కదుపుతూ చదువుతూ రాసింది. 'వినిపించలేదు' దగ్గర కుంచెలో రంగు తగ్గి, చివరి కొమ్ము తక్కినవాటికంటే పల్చనయింది. దాన్ని సరిదిద్దలేదు. తక్కిన ఏడు వరసలూ ఆరోజూ మర్నాడూ కూర్చుని, మామూలు పద్ధతిలోనే, చదవకుండా పూర్తిచేసింది.

అయిదోరోజు సాయంత్రం ఇంజినీరు కాగితం పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. ఆమె నిచ్చెన కాలు పట్టుకుని పక్కన నిలుచుంది. ఆయన తిన్నగా కింది వరసలకి వెళ్లాడు. ఈ పనికి సాయం చేసిన పెద్దల పేర్లు అక్కడున్నాయి. ఒక్కో పేరూ కాగితంలో చూశాడు, గోడ మీద చూశాడు. ఒక పేరు దగ్గర వేలితో గుణింతం లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి ఇంకోసారి చూశాడు.

"క్రితంసారి వేరేచోట ఒక దీర్ఘం పోయిందని నా ప్రాణం తీశారు," అన్నాడు. వెనక్కి నాలుగడుగులు వేసి, ఒక కన్ను మూసి, గోడంతా ఒకసారి చూశాడు. "వంకర లేదు. బాగుంది. నిచ్చెన తీసేయండి."

పేర్ల పైనున్నదేదీ ఆయన చదవలేదు.

ఇంటిదగ్గర నాన్న, "ఇరవై ఒకటీ పూర్తయ్యాయా?" అని అడిగాడు.

"ఇరవై రెండు."

నాన్న ఆమె చెయ్యి తీసుకుని, వేళ్ల మధ్య ఎండిన రంగుని గోటితో గీకి తీయడం మొదలుపెట్టాడు.

ప్రారంభం రోజు హాలు నిండిపోయింది. పెద్దవాళ్లు రిబ్బను కత్తిరించి, త్రాసు పక్కన నిలబడి, లివర్ల గదిలో ఫొటోలు తీయించుకుని, టికెట్ల కిటికీ దగ్గర టీలు తాగారు. మాస్టారి కొడుకు తండ్రి గురించి మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ గోడకి వీపు పెట్టి నిలబడ్డాడు. జనం వస్తున్నారు, గోడ ముందు ఫోను ఎత్తుతున్నారు, పక్కకి జరుగుతున్నారు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి కళ్లు ఎంతదాకా దిగుతున్నాయో చూస్తోంది. రెండు వరసలు. మూడు. ఒకాయన ఆరుదాకా వచ్చి పెళ్లాం పిలిస్తే వెళ్లిపోయాడు. ముసలాయన బయట బల్ల మీద ఒక చివరికి జరిగి కూర్చున్నాడు. కావలాయన కొత్త యూనిఫాం వేసుకుని, పెద్దవాళ్ల కార్ల మధ్య హడావిడిగా ఉన్నాడు.

జనం పల్చబడ్డాక ఒక నడివయసు ఆవిడ వచ్చింది. చేతిసంచీలోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. వరసకో అడుగు చొప్పున గోడకి దగ్గరవుతూ వచ్చింది. పదిహేనో వరస దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, పదకొండు నుంచి మళ్లీ చదివింది. చుట్టూ చూసి, గుమ్మం దగ్గరున్న ఆమె వైపు వచ్చింది.

"అమ్మాయ్, ఇక్కడ పనిచేసేదానివా? అక్కడ చదివి వినిపించలేదని రాశారు. ఎవరికి?"

ఆమె నోరు తెరిచేలోపల బయటి బల్ల మీదనుంచి జవాబు వచ్చింది.

"నాకమ్మా," అన్నాడు ముసలాయన.

ఆవిడ గుమ్మం దాటి ఆయనవంక చూసింది. చేతి గడియారం చూసుకుంది. ప్లాట్‌ఫారం అవతల పట్టాలు లేని కంకరరాళ్లని చూసింది. తరవాత సంచీ ఒళ్లో పెట్టుకుని, బల్ల రెండో చివర ఆయనవైపు తిరిగి కూర్చుంది.